కథ కాపలా కాస్తుందా?

గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళ్తుంటే ఎర్రగుడి దగ్గర కొన్ని పెద్ద బండలు కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వాటి మీద తన ఆజ్ఞలు చెక్కించాడు. ప్రాణులను చంపడం మీద ఆంక్షలు, దారి పక్కన చెట్లు, బావులు, మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందుమొక్కల పెంపకం లాంటి సంగతులు వాటిలో ఉన్నాయి. చూసి వచ్చినవాళ్లు మామూలుగా లిపి గురించి చెబుతారు. ఒక వరుస ఎడమ నుంచి, మరో వరుస కుడి నుంచి సాగే ఆ వింత రాత గురించి చెబుతారు. నాకు మాత్రం అక్కడి చిన్న శాసనంలో ఉన్న ఒక ఏర్పాటు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. చెక్కించి వదిలేస్తే చాలదని రాజుకు తెలుసు. అందుకే అధికారి భేరి మోగించి పల్లె జనాన్ని పోగుచేసి వినిపించాలన్నాడు. మావటీలకు, లేఖకులకు, రథాలు తోలేవాళ్లకు, చదువు చెప్పే బ్రాహ్మణులకు ఈ మాట చేరాలన్నాడు. గురువులు దాన్ని తమ శిష్యులకు నేర్పాలన్నాడు.

ఆ వరుస ఎక్కడో తెగిపోయింది. లిపి చదివేవాళ్లు లేకుండా పోయారు. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తుపట్టేదాకా అవి గీతలున్న బండలుగానే మిగిలాయి. అక్కడికి తూర్పున నల్లమలలో చెంచులు ఒక్క అక్షరం చెక్కకుండానే తమ కథను ఇప్పటిదాకా మోసుకొచ్చారు. రాజాజ్ఞ మూగబోయింది, అడవి కథ నిలిచింది. నిలవడం ఒక ఎత్తు. ఆ కథ అడవికి ఏమైనా చేసిందా అన్నది వేరే ప్రశ్న. కథ వల్ల నేల, నీరు, జంతువు మిగులుతాయా? మిగిలితే ఏ కథ వల్ల?

ఈ ప్రశ్న ఇవాళ ప్రపంచంలో గట్టిగా వినిపిస్తున్నది పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవుల నుంచి. 2019లో వనువాటులో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులు ఒక పట్టు పట్టారు. సముద్రమట్టం పెరిగి తమ ఊళ్లు, శ్మశానాలు, పగడపు దిబ్బలు దెబ్బతింటున్నాయి కదా, ఈ విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానమే తేల్చి చెప్పాలన్నారు. వనువాటు ప్రభుత్వం ఆ కోరికను భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం చేసి విషయాన్ని కోర్టుకు పంపింది. వాతావరణాన్ని కాపాడటంలో దేశాలకు చట్టపరమైన బాధ్యతలు ఉన్నాయని 2025 జులై 23న న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో చెప్పింది. దీవుల జనం తమ బతుకుల గురించి చెప్పుకున్న మాటలు ఆ వ్యవహారంలో సాక్ష్యాలుగా దాఖలయ్యాయి.

పలావు అనే మరో దీవుల దేశం ఇంకో పని చేసింది. 2017 డిసెంబరు నుంచి అక్కడికి వచ్చే సందర్శకుడి పాస్‌పోర్టులోనే ఒక ప్రమాణం ముద్ర వేస్తారు. అది అధికారులను ఉద్దేశించింది కాదు, పలావు పిల్లలను ఉద్దేశించింది. మీ దీవిని పాడుచేయను అని వాళ్లకు మాట ఇచ్చి సంతకం పెడితేనే లోపలికి అడుగు. ప్రచార వీడియో చూసి చప్పట్లు కొట్టడానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ విన్నవాడి మీద ఒక బాధ్యత పడుతుంది. మిగతా విషయమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

సముద్రం లేని రాయలసీమకు దీవుల గొడవ ఎందుకంటారా? చుట్టూ నీళ్లుంటేనే దీవి కానక్కర్లేదని జీవావరణ శాస్త్రజ్ఞులు అంటారు. పొలాలు, కాలువలు, రోడ్లు చుట్టుముట్టిన చిట్టడవి ముక్క కూడా అక్కడి జీవాలకు దీవే. అవతలి ఒడ్డుకు చేరే దారి వాటికి ఉండదు. ఆ లెక్కన పాత కర్నూలు, కడప జిల్లాల నిండా దీవులే. ఎర్రమల మీద ఒకటి, రోళ్లపాడు గడ్డి భూముల్లో ఒకటి, లంకమల కొండల అంచున కంపచెట్ల మధ్య మరొకటి.

ముందు అహోబిలం. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నా 2022 దాకా కర్నూలు జిల్లాదే. సంక్రాంతి వెళ్లిన మర్నాడు, కనుమ రోజున అక్కడ పారువేట మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతారు. ముప్పైకి పైగా పల్లెలు. ఫాల్గుణంలో జరగబోయే తన పెళ్లికి స్వామి తానే ఊరూరా పిలుపులు చెప్పుకుంటాడు. ఆళ్లగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ వైపు పల్లెల్లో ఆ రోజుల్లో పలకరింపే మారిపోతుంది, సామి ఈ పొద్దు ఏ ఊళ్లో దిగినాడని. పల్లకి బయల్దేరే వేళ చెంచులు దాని మీదికి బాణాలు వేస్తారు. అది దేవుడి మీద కోపంతో కాదు. తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్నవాడు గనుక నరసింహుడు వాళ్లకు అల్లుడు. అల్లుడి దగ్గర అత్తింటివాళ్లకు ఆ మాత్రం చనువు ఉంటుంది.

కథలో నాకు ఇష్టమైన ఘట్టం పెళ్లికి ముందుది. పిల్లను అడగడానికి వచ్చిన దేవుణ్ణి అడవి ఊరికే ఒప్పుకోదు. చెట్టెక్కడం వచ్చా, తేనె తీయడం వచ్చా, గడ్డలు తవ్వడం వచ్చా అని పరీక్ష పెడుతుంది. 1958లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’ సినిమాతో ఈ ముచ్చట తెలుగుదేశమంతా తెలిసింది. హాల్లో అందరూ నవ్వుకున్నారు. కానీ చెంచుగూడెంలో పిల్లవాడు వింటే అది నవ్వులాటగా ఆగదు. ఏమేం నేర్చుకుంటే మనిషిగా లెక్కకొస్తాడో ఆ కథే చెబుతుంది. సాక్షాత్తు హిరణ్యకశిపుణ్ణి చీల్చినవాడు కూడా గడ్డ తవ్వడం నేర్చుకోవాల్సి వచ్చిందంటే, మామూలు కుర్రవాడు తప్పించుకోగలడా?

చెంచుల మీద 1943లో పుస్తకం వెలువరించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల వేట దేవత గారెల మైసమ్మ గురించి రాశాడు. వేట దొరికితే అందులో ఆమె వాటా ఆమెకు పెట్టాకే మిగతావాళ్లకు. పులిని చెంచులు పెద్దమ్మ అంటారు. ఎలుగుబంటి లింగమయ్య, పాము నాగమయ్య. కొండ చరియకు తాడు కట్టుకుని తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేవాడు బావమరిదే కావాలని చెబుతారు. చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు మీద ఉన్నాయి గనుక చేయి వదలడు. గమనించండి, వీటిలో ఏదీ ‘ప్రకృతిని ప్రేమించు’ అని చెప్పదు. వాటా పెట్టు, పేరు పెట్టి పిలువు, తాడు ఫలానావాడికి ఇవ్వు అంటుంది. ప్రతిదానిలో ఒక పని ఉంది, ఆ పని ఎవరిదో కూడా ఉంది.

అలాగని పారువేట వల్లే నల్లమల మిగిలిందని నేను అనను. అలా అనడం భక్తి అవుతుందేమో గానీ విశ్లేషణ కాదు. పండగ చేసిన మేలు వేరే ఉంది. మైదానంలో జొన్న, వరి పండించే రైతునూ కొండ మీద గడ్డలు తవ్వే చెంచునూ అది వియ్యంకులను చేసింది. అహోబిలం స్వామి మీద పెట్టుకున్న ఓబులేసు, ఓబులమ్మ, ఓబుళరెడ్డి లాంటి పేర్లు ఆ చుట్టుపక్కల ఇంటింటా ఉంటాయి. అడవి అంటే ఎవరిదో అన్న మాట అక్కడ సులువుగా నోటికి రాదు.

ఇక వాస్తవంలోకి వస్తే, నాగార్జునసాగర్ శ్రీశైలం ప్రాంతం 1983లో పులుల రక్షిత ప్రాంతమైంది. దేశంలోకెల్లా పెద్దది. పులికి రక్షణ వచ్చింది గానీ పులిని పెద్దమ్మ అన్నవాళ్ల మీద ఆంక్షలు కూడా వచ్చాయి. గూడెం ఖాళీ చేయమనే మాట, గడ్డకు పోతే అడ్డగించే గేటు. అడవిలో వేల ఏళ్లున్నవాడు అతిక్రమణదారు అయ్యాడు. తర్వాత అటవీశాఖ చెంచు యువకులను బేస్ క్యాంపుల్లో కాపలా పనికి తీసుకోవడం మొదలుపెట్టింది. పాదముద్ర చూసి పులి ఎటు వెళ్లిందో, ఎంతసేపైందో చెప్పగలిగే విద్య వాళ్లకు ఇంట్లోనే వచ్చింది. బైర్లూటి, పచ్చర్ల లాంటి చోట్ల పర్యాటకులకు అడవి చూపించే పనులూ వచ్చాయి. తాత చెప్పిన కథకు మనవడి చేతిలో జీతం తోడైతే తప్ప ఆ కథ నిలబడటం కష్టం. ఆ జీతం కూడా నెలనెలా సరిగ్గా అందాలి. కథలు చెప్పే సభల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు లంకమలకు పోదాం. ఈ మొత్తం విషయంలో మనసును ఎక్కువసేపు పట్టి ఉంచేది ఇదే.

జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో ఉంటూ పక్షులను శోధించాడు. ఆయన పేరు మీద 1848లో ఒక పక్షి శాస్త్ర గ్రంథాలకెక్కింది. మన కడప వైపు దాన్ని కలివి కోడి అంటారు. కలివి పండ్ల పొదల మధ్య తిరుగుతుంది, ఎగరడం కంటే పరుగు ఎక్కువ. ఛాతీ మీద రెండు పట్టీలు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ దాని జాడ లేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు వెతికించినా దొరకలేదు. అంతరించిపోయిందనే నిర్ణయానికి వచ్చారు. 86 ఏళ్లు గడిచిపోయాయి.

1980ల మధ్యలో బొంబాయి సహజ చరిత్ర సంఘం మరో ప్రయత్నం చేసింది. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు పెన్నా లోయలో తిరుగుతూ బొమ్మలు పట్టుకుని ఊళ్లవాళ్లను అడిగాడు. సిద్ధవటం, బద్వేలు మధ్య రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఐతన్న ఆ పిట్ట తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ప్రపంచం పోయిందనుకున్న పక్షి ఆ ఊరివాళ్ల లెక్కలో ఎక్కడికీ పోలేదు. పండితులు పగటిపూట వెతికారు, అది తిరిగేది రాత్రి. ఈ ఒక్క సంగతి పుస్తకంలో లేకపోవడం వల్ల 86 ఏళ్లు ఒక జీవి చచ్చినట్టు లెక్క.

హవాయి వాళ్లకూ ఇలాంటి అనుభవం ఉంది. తమ పూర్వీకులు నక్షత్రాలు చూసి సముద్రం దాటారని నిరూపించాలని 1975లో వాళ్లు హోకులెయా అనే పడవ కట్టారు. కానీ అలా పడవ నడిపే విద్య హవాయిలో ఒక్కరికీ మిగల్లేదు. ఎక్కడో మైక్రొనేసియాలోని సటవాల్ దీవి నుంచి మావ్ పియాలుగ్ అనే నావికుణ్ణి పిలిపించి 1976లో తాహితి దాకా వెళ్లారు. ఆయన తర్వాత ఆ విద్యను హవాయి యువకులకు నేర్పాడు కూడా. ఐతన్నకు, పియాలుగ్‌కు మధ్య తేడా అక్కడే ఉంది. పియాలుగ్ చుట్టూ బడి వెలిసింది. ఐతన్న చుట్టూ వెలిసింది అభయారణ్యం.

శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేశారు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను చెన్నై దాకా తీసుకుపోయే తెలుగుగంగ కాలువ ఆ దారిలోనే వెళ్లాలి. పక్షి కోసం కాలువ దారి మార్చాల్సి వచ్చింది. 2005లో తవ్వకం మళ్లీ అభయారణ్యం వైపు జరిగితే పరిశోధకులు గగ్గోలు పెట్టారు, పని ఆగింది, దారి ఇంకోసారి మారింది. గెలుపే. కానీ చుక్క నీటికి మొగం వాచిన సీమలో ‘పిట్ట కోసం కాలువ ఆపినారు’ అన్న మాట ఎంత తొందరగా పాకుతుందో ఊహించుకోవచ్చు. ఆ మాట అన్నవాణ్ణి మూర్ఖుడనడం అన్యాయం. అతనికి పిట్ట కథ ఎవరూ చెప్పలేదు, కాలువ కథ మాత్రం ముప్పై ఏళ్లుగా వింటున్నాడు.

పరిశోధకులు తేల్చిన ఇంకో సంగతి మరీ ఆసక్తికరం. కలివి కోడిని కంటితో చూడటం కష్టం గనుక పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద అడుగుజాడలు వెతికేవారు. పొద్దుగూకాక కొద్దిసేపు అది పెట్టే రెండక్షరాల కూతను రికార్డు చేసి వినిపించి జవాబు కోసం కాచుకునేవారు. అలా ఏళ్ల తరబడి చూసి, దానికి మరీ చిక్కటి అడవి పనికిరాదనీ మరీ బోడి నేల పనికిరాదనీ గ్రహించారు. అక్కడక్కడా పొదలు, మధ్యలో పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. ఆ ఖాళీని ఇన్నాళ్లూ ఉంచింది ఎవరు? మేకల కాపరి, కట్టెలు కొట్టుకునే ఆమె. మేత మితిమీరితే పొద పోతుంది, మేత పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుంటాయి. కంచె వేసి మనుషులను బయటికి నెట్టడమే రక్షణ అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ పక్షి కథలో మేకల కాపరి ఒక పాత్ర. కథ చెప్పే కుర్రవాడు అతన్ని దుర్మార్గుణ్ణి చేసి చెబితే, వినే ఊరు అక్కడే లేచి పోతుంది.

రోళ్లపాడులో జరిగింది అదే. మిడుతూరు మండలంలోని గడ్డి భూముల్లో 1980లలో బట్టమేక పక్షులను పరిశోధకులు బాగా చూశారు. మీటరు ఎత్తుండే భారీ పక్షి, సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు. 1988లో 6 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు జాగా అభయారణ్యమైంది. బట్టమేక కంచె చూసి ఆగదు, దానికి చుట్టుపక్కల బీళ్లు, కొర్ర, జొన్న చేలు కావాలి. ఆ బీళ్లు కాలువ నీటితో వేరే పంటల్లోకి మారాయి. లోపల కృష్ణజింకలు పెరిగి రైతుల చేలల్లో పడ్డాయి. లాభం పక్షికి అన్నారు, నష్టం రైతుకు వచ్చింది. చివరికి పక్షికీ లాభం లేదు. దేశమంతటా కలిపి నూట యాభైకి మించవని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో దాన్ని చూశామని చెప్పేవాళ్లు ఇప్పుడు నడివయసు దాటినవాళ్లే. అక్కడ పక్షి గురించి నివేదికలు చాలా ఉన్నాయి. రైతు తన పిల్లలకు చెప్పుకునే కథ పుట్టలేదు.

ఇంతదాకా పాత కథలు, పిట్ట కథలు. ఇంకో రకం ఉంది, ఎవరి బతుకు వాళ్లు చెప్పుకునేది. వనువాటు విద్యార్థులు కోర్టుకు పట్టుకెళ్లిందీ ఇదే.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. సంస్థ కాదంటోంది. ఈ వాదం ఎప్పుడు తేలుతుందో గానీ రైతుల మాట కొండలు దాటింది. 2019లో నల్లమల తెలంగాణ భాగంలో యురేనియం అన్వేషణ మాట రాగానే చెంచు గూడేల నుంచి హైదరాబాదు కాలేజీల దాకా, సినిమావాళ్ల దాకా ‘నల్లమలను కాపాడుకుందాం’ అని లేచారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేసి యురేనియం వెతుకుతారని తెలియగానే ఆ చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. ఆ ప్రతిపాదన ముందుకు సాగదని అధికారులు ప్రకటించాల్సి వచ్చింది.

కప్పట్రాళ్ల అంటే ఒకప్పుడు పత్రికల్లో ఫ్యాక్షన్ వార్తలే. వర్గాలుగా చీలి ఒకరి నీడ ఒకరు సహించని ఊరని పేరు. ఆ ఊరు ఒక అడవి కోసం ఒక్కటిగా కూర్చుందంటే దానికి కారణం పర్యావరణ పాఠం కాదు. కడప జిల్లా రైతు చెప్పుకున్న కష్టం. నివేదిక చదివి ఎవరూ బండి కట్టుకుని రోడ్డు మీదికి రారు. తన బోరు లాంటి బోరు, తన తోట లాంటి తోట కథలో ఉంటేనే వస్తారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇలాంటి కథకు బలం నిజమే. ఒక్క అబద్ధపు ఫొటో, ఎక్కడిదో వీడియో ఇక్కడిదని పంచుకున్నా మొత్తం సాక్ష్యం నీరుగారుతుంది. తేదీ, ఊరు, పొలం పేరు, నీటి పరీక్ష కాగితం పక్కన పెట్టుకుని చెప్పినవాడి ముందు ఏ అధికారీ తేలిగ్గా మాట్లాడలేడు.

చెడు చేసే కథలు కూడా సీమలో తక్కువేం కాదు. గుప్తనిధుల కథనే తీసుకోండి. పాడుబడిన గుడి కనిపిస్తే కింద రాయలవారి బంగారం ఉందని ఒకడు చెబుతాడు, అమావాస్యకు గర్భగుడి తవ్వి ఉంటుంది. గండికోట చుట్టుపక్కల, ఎర్రమల కొండల్లో విరిగిన నందులు, లేచిపోయిన బండలు ఈ కథ పుణ్యమే. ఇప్పుడు యూట్యూబ్ వచ్చాక ఆ కథకు సంగీతం కూడా తోడైంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచే జనాన్ని మాత్రం నేను ఇందులో కలపను. అది ఆశ, ఎవరి గుడినీ కూల్చదు. బ్రహ్మంగారి కాలజ్ఞానం సంగతి ఇంకో తీరు. వింత జరిగిన మర్నాడు ‘ఆయన ముందే చెప్పినాడు’ అంటాం. చెప్పాడని ఒప్పుకుంటాం తప్ప, చెప్పినందుకు మనం చేయాల్సిన పని ఏమిటని అడగం.

చెప్పకపోవడం వల్ల పోయినవి కూడా ఉన్నాయి. బ్రహ్మంగారు పశువులు కాసిన బనగానపల్లె ప్రాంతంలోనే జ్వాలాపురం ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలి లేచిన బూడిద ఇక్కడి లోయలో మేటలు వేసింది. ఆ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని, అంటే ఆ విపత్తుకు ముందూ తర్వాతా ఇక్కడ మనుషులు ఉన్నారని 2007లో పరిశోధకులు ప్రకటించారు. పురామానవుడి మీద రాసే పుస్తకాల్లో ఇప్పుడు జ్వాలాపురం పేరు కనిపిస్తుంది. ఊళ్లో మాత్రం ఆ తెల్లటి బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్మారు. తవ్విన కూలీని తప్పుపట్టలేం. ఆ లోయలో ఏళ్ల తరబడి శోధన జరిగినా, పక్క బడి పిల్లలకు ఆ సంగతి ఒక పాఠంగా కూడా చేరలేదు.

ఈ దిశగా కుర్రాళ్లు కొంత పని ఇప్పటికే చేస్తున్నారు. కడప, కర్నూలు జిల్లాల్లో పొలం గట్టున అక్షరాలున్న రాయి కనబడితే ఫోన్‌తో ఫొటో తీసి మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపడం, అక్కడి పండితులు చదివి చెప్పడం, మర్నాడు అది పత్రికలో రావడం ఇప్పుడు మామూలైంది. తొలి తెలుగు శాసనంగా చెప్పే 575 నాటి కలమళ్ల శాసనం దొరికిన జిల్లాలో ఇది జరగడం సహజమే. అక్షరం మీద ఉన్న ఈ చూపు చెట్టు మీదికి, చెరువు మీదికి కూడా మళ్లితే చాలా పని అవుతుంది. పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, చెరువుకు వచ్చే 6 దోషాలు చెబుతుంది. ఆ చెరువు ఇంకా ఉంది. ఆ 12 అంగాల్లో ఇవాళ ఎన్ని మిగిలాయో బడి పిల్లలు కట్ట మీద నడిచి చూసి రాయవచ్చు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. చెట్టు పేరున్న ఊళ్లో ఆ చెట్టు ఉందా అని వెతకడం వేసవి సెలవులకు సరిపోయే పని.

దీనికి చట్టం కూడా చోటు పెట్టింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుంది, ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలి, ఏ ఆకు దేనికి మందు, ఏ విత్తనం కనబడకుండా పోయింది, అన్నీ అందులోకి ఎక్కాలి. చాలా చోట్ల ఈ రిజిస్టర్లను ఎవరో బయటివాళ్లు వచ్చి తొందరగా నింపి పోయారు. ఒక ఊరి పుస్తకానికీ పక్క ఊరి పుస్తకానికీ తేడా కనిపించదు. ఊరి పిల్లలే అవ్వల దగ్గర కూర్చుని రాస్తే అందులో కలివి కోడి లాంటిది ఇంకేం బయటపడుతుందో ఎవరు చెప్పగలరు? 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. అడవిని, వన్యప్రాణిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. తమ సంప్రదాయ పరిజ్ఞానం మీద సమూహానికి హక్కు ఉందని ఒప్పుకుంది. చెంచుల వంటి బాగా వెనుకబడిన గిరిజన తెగలకు తమ ఆవాస ప్రాంతం మీదే హక్కు కోరే వీలు కల్పించింది.

రాసేటప్పుడు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ వైద్య పరిజ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చారు. నోటి మాటగా వస్తున్న విద్యకు ఆ మినహాయింపు వర్తించదు. అంటే బైర్లూటిలో ఒక అవ్వ చెప్పిన వేరు గుణం ఆమె సమూహానిదేనని రుజువు చూపగలిగితే, దాన్ని మందు చేసి అమ్మేవాడు ఆ సమూహానికి వాటా ఇవ్వాల్సి ఉంటుంది. రుజువు లేకుండా ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టేస్తే చూసినవాళ్ల సంఖ్య పెరుగుతుంది, అవ్వకు దక్కేదేమీ ఉండదు. కాబట్టి రికార్డు చేసే కుర్రవాడు ముందు ఆమెను అడగాలి. ఏది బయటికి చెప్పవచ్చో ఏది చెప్పకూడదో ఆమెనే నిర్ణయించనివ్వాలి. చెప్పినవారి పేరు, గూడెం పేరు, తేదీ రాసి ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉంచాలి. కలివి కోడి గూడు జాడ, పులి పిల్లల తావు లాంటివి ఎంత మంచి వీడియో అయినా బయట పెట్టకూడదు. అవి అటవీశాఖకు, గ్రామసభకు తెలిస్తే చాలు.